వచ్చినవాళ్లు నిలిచేదెందుకు: జాంగో కమ్యూనిటీ ఇరవయ్యేళ్ల అనుభవం

2024 మొదట్లో ఎక్స్‌ప్రెస్ అనే జావాస్క్రిప్ట్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ (వెబ్‌సైట్లు కట్టడానికి సిద్ధంగా దొరికే పునాది కోడ్) ఉండే గిట్‌హబ్ రిపోజిటరీకి వందల కొద్దీ పుల్ రిక్వెస్టులు, అంటే కోడ్‌లో ఈ మార్పు చేర్చండని పంపే అభ్యర్థనలు, వచ్చిపడ్డాయి. చాలావాటిలో మార్పు ఒకటే. ప్రాజెక్టును పరిచయం చేసే రీడ్‌మీ ఫైల్లో పంపినవాళ్ల పేరో, ఒక చిన్న వాక్యమో చేర్చారు. పంపినవాళ్లలో ఎక్కువమంది మన దేశపు విద్యార్థులు. పుల్ రిక్వెస్ట్ ఎలా పంపాలో చెప్పే ఒక యూట్యూబ్ పాఠం ఆ రిపోజిటరీని ఉదాహరణగా చూపించింది, చూసిన పిల్లలు అందులో చూపించినట్టే చేశారు. చెడు ఉద్దేశంతో చేసిన పని కాదది. అయినా ఆ ఫ్రేమ్‌వర్క్‌ను చూసుకునే కొద్దిమంది తమ సొంత సమయంలో కూర్చుని వాటన్నిటినీ ఒక్కొక్కటిగా మూసేయాల్సి వచ్చింది.

అంకెలు మాత్రమే చూసేవాళ్లకు ఇది గొప్ప ఎదుగుదలలా కనిపిస్తుంది. ఇంతమంది కొత్తవాళ్లు ఇంత తక్కువ రోజుల్లో రావడం ఏ ప్రాజెక్టుకైనా అరుదు. కానీ వాళ్లలో ఆ ఫ్రేమ్‌వర్క్‌తో ఏదైనా కట్టినవాళ్లు, మళ్లీ వచ్చి ఇంకో పని చేసినవాళ్లు ఎందరు? కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల కమ్యూనిటీల గురించి మాట్లాడేటప్పుడు గిట్‌హబ్ స్టార్లు (నచ్చిన ప్రాజెక్టుకు పెట్టే గుర్తులు), డౌన్‌లోడ్లు ముందుకొస్తాయి. డౌన్‌లోడ్లలో పెద్ద భాగం మనుషులవి కావు. కోడ్ మారిన ప్రతిసారీ పరీక్షలు నడిపే సర్వర్లు అదే ప్యాకేజీని మళ్లీ మళ్లీ దించుకుంటాయి. స్టార్ నొక్కడానికి ఒక్క క్షణం చాలు. ఒక మనిషి నిలవడానికి నెలలు పడుతుంది. ఆ నెలల్లో అవతలి వైపు నుంచి ఎవరో ఒకరు పని చేస్తూ ఉండాలి. ఆ పని ఎవరు చేస్తారు, వాళ్ల ఖర్చు ఎవరు భరిస్తారు అన్న దగ్గరే కమ్యూనిటీ పెరగడమో ఆగిపోవడమో తేలిపోతుంది. పైథాన్ భాషలో రాసిన వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగో చరిత్రలో ఈ సంగతి స్పష్టంగా కనిపిస్తుంది.

జాంగో పుట్టింది ఒక పత్రికాఫీసులో. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో లారెన్స్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడి లారెన్స్ జర్నల్-వరల్డ్ దినపత్రికలో 2003లో ఏడ్రియన్ హోలోవాటీ, సైమన్ విల్లిసన్ కలిసి పత్రిక వెబ్‌సైట్ల కోసం దీన్ని మొదలుపెట్టారు. తరువాత జేకబ్ కప్లాన్-మాస్ చేరారు. 2005 జులైలో, స్వేచ్ఛగా వాడుకోనిచ్చే బీఎస్‌డీ లైసెన్సు కింద అందరికీ విడుదల చేశారు. గిటార్ కళాకారుడు జాంగో రైన్‌హార్ట్ పేరే దీనికి పెట్టారు.

పుట్టిన చోటు దీని స్వభావాన్ని తీర్చిదిద్దింది. వార్త ఉదయం వస్తే సాయంత్రానికి దానిమీద ఒక పేజీ తయారుగా ఉండాలి. ఆ పేజీలోకి సమాచారం ఎక్కించేది ప్రోగ్రామర్లు కాదు, విలేఖరులు, సబ్‌ఎడిటర్లు. అందుకే డేటా ఎలా ఉండాలో నాలుగు లైన్లలో రాస్తే చాలు, ఆ డేటాను చేర్చడానికి, దిద్దడానికి, తీసేయడానికి కావలసిన తెరలన్నీ వాటంతటవే వచ్చేస్తాయి. దీన్నే జాంగో అడ్మిన్ అంటారు. కొత్తగా నేర్చుకునే మనిషికి మొదటి గంటలోనే లాగిన్ అయి వాడగలిగే నిజమైన సైటు ఒకటి కళ్లముందు నిలబడుతుంది. ఆ గంట కమ్యూనిటీకి చేసిన మేలు ఏ ప్రచారమూ చేయలేదు. పక్కనున్న స్నేహితుడిని పిలిచి చూపించడానికి కొత్తవాడి చేతిలో ఏదో ఒకటి ఉండేది.

అదే కాలంలో, 2004లో వచ్చిన రూబీ ఆన్ రైల్స్ అనే ఇంకో వెబ్ ఫ్రేమ్‌వర్క్ పదిహేను నిమిషాల్లో బ్లాగు కట్టి చూపే వీడియోతో ప్రపంచాన్ని ఆకట్టుకుంది. జాంగో బృందం తన శక్తిని ఎక్కువగా డాక్యుమెంటేషన్ మీద పెట్టింది. 2005లో నాలుగు భాగాలుగా మొదలైన ట్యుటోరియల్, ఓటింగ్ యాప్ ఒకటి కట్టించే పాఠం, ఇప్పుడు ఎనిమిది భాగాలైంది. ఉదాహరణ మాత్రం అదే ఓటింగ్ యాప్. డాక్యుమెంటేషన్‌ను నాలుగు రకాలుగా విడదీశారు: చేయి పట్టుకుని నడిపించే పాఠాలు, విషయం వివరించేవి, ఫలానా పని ఎలా చేయాలో చెప్పేవి, ప్రతి ఫంక్షన్ వివరమూ ఉండే రెఫరెన్స్. మొదటిరోజు వచ్చినవాడికీ అయిదేళ్లుగా వాడుతున్నవాడికీ కావలసింది ఒకటే పేజీలో కలిపేస్తే ఇద్దరూ నష్టపోతారు. డాక్యుమెంటేషన్ లేకుండా, పరీక్షలు లేకుండా కొత్త ఫీచర్ కోడ్‌లో చేరదన్న నియమం కూడా పెట్టుకున్నారు. రాసినవాడు ఎంత గొప్ప ప్రోగ్రామరైనా ఈ నియమం వర్తిస్తుంది. దీనివల్ల పనులు నెమ్మదిస్తాయని ఎవరైనా అంటే కాదనలేం. కానీ ఏళ్ల తరువాత వచ్చేవాళ్లు ఆ నెమ్మదితనం ఫలితాన్నే అనుభవిస్తున్నారు.

ట్యుటోరియల్ తరువాతి పాఠాల్లో ఒకటి మరీ ముఖ్యమైనది. జాంగోకే మొదటి ప్యాచ్, అంటే కోడ్‌కు చేసే సవరణ, ఎలా రాయాలో అది నేర్పుతుంది. కోడ్ దించుకోవడం, పరీక్షలు నడపడం, మార్పు చేయడం, పంపడం అన్నీ అందులో ఉన్నాయి. వాడేవాడు చేసేవాడిగా మారే దారి ఆ పాఠాల వరసలోనే ఉంది, ఎక్కడో వెతుక్కోనక్కరలేదు. ఎక్స్‌ప్రెస్‌కు పేర్లు పంపిన విద్యార్థులకు ఎవరైనా ఇలాంటి పాఠం ముందుగా చూపించి ఉంటే వాళ్ల ఉత్సాహం వృథా అయ్యేది కాదు.

ఇక నమ్మకం సంగతి. ఒక ఫ్రేమ్‌వర్క్‌ను ఎంచుకోవడమంటే కంపెనీకైనా, ఒంటరి డెవలపర్‌కైనా కొన్నేళ్ల భవిష్యత్తును పందెంగా పెట్టడమే. తొలినాళ్లలో జాంగో కూడా పాత కోడ్‌ను బాగానే విరగ్గొట్టింది. 2006లో 0.95 వెర్షన్‌తో లోపలి పద్ధతులు చాలా మారిపోయాయి. వాడేవాళ్లు తక్కువగా ఉన్నప్పుడే ఆ నొప్పి పడిపోవడం తెలివైన పని. 2008 సెప్టెంబరులో 1.0 వచ్చాక మాట ఇచ్చారు: ఏదైనా తీసేయాలంటే ముందు హెచ్చరిక ఇస్తాం, రెండు విడుదలల పాటు అది పని చేస్తూనే ఉంటుంది. తరువాత ఎనిమిది నెలలకో విడుదల, దీర్ఘకాలం మద్దతు ఉండే ఎల్‌టీఎస్ వెర్షన్లు అనే క్రమం వచ్చింది. 2017 డిసెంబరులో 2.0తో పైథాన్ భాష పాత వెర్షన్ అయిన పైథాన్ 2ను వదిలేసినప్పుడు కూడా అంతకుముందున్న 1.11కు 2020 ఏప్రిల్ వరకు మద్దతు కొనసాగించారు. మారడానికి రెండేళ్లకు పైగా గడువు దొరికింది.

ఈ గడువు లేకపోతే ఏమవుతుందో 2014 అక్టోబరులో యాంగులర్ అనే జావాస్క్రిప్ట్ ఫ్రేమ్‌వర్క్ వాడేవాళ్లు చూశారు. రెండో వెర్షన్ పూర్తిగా కొత్తదని, పాతదాని నుంచి మారే సులువైన దారి లేదని పారిస్‌లో ఒక సదస్సులో ప్రకటించారు. ఆ రెండో వెర్షన్ చేతికి వచ్చింది 2016 సెప్టెంబరులో. మధ్యలో కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టాల్సిన వాళ్లు పాతది నేర్చుకోలేక, కొత్తది లేక వేరే దారి వెతుక్కున్నారు. ఆ రెండేళ్లూ దానికి పోటీగా ఉన్న రియాక్ట్‌కు, వ్యూకు కలిసొచ్చాయి. యాంగులర్ వెనక గూగుల్ ఉంది, డబ్బుకు లోటు లేదు. అయినా చెదిరిన నమ్మకాన్ని డబ్బు వెంటనే అతికించలేకపోయింది.

ఇంతవరకు చెప్పినవి మనుషులు లోపలికి రావడానికి కారణాలు. వచ్చాక నిలవడానికి ఇంకో మనిషి కావాలి. జాంగో తొలి దశలో ఆ మనిషి మాల్కమ్ ట్రెడినిక్. ఆస్ట్రేలియాకు చెందిన ఈ కోర్ డెవలపర్ కొత్తవాళ్ల ప్రశ్నలకు విసుగు లేకుండా, పొడవుగా, కారణాలతో సహా జవాబులు రాసేవారు. అడిగిన ప్రశ్నలో దాగిన అసలు ప్రశ్నేమిటో పట్టుకుని చెప్పడం ఆయన పద్ధతి. 2013 మార్చిలో ఆయన చనిపోయారు. ఆయన పేరిట, జాంగో బాగోగులు చూసే సంస్థ జాంగో సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఏటా ఒక బహుమతి ఇస్తోంది. ఎక్కువ కోడ్ రాసినవాళ్లకు కాదు, కొత్తవాళ్లను ఆదరించి చేయూతనిచ్చినవాళ్లకే ఆ బహుమతి. ఒక కమ్యూనిటీ దేనికి గౌరవం ఇస్తుందో చూసి అందులోని వాళ్లు నడుచుకుంటారు కాబట్టి ఈ బహుమతి విలువ దానితో వచ్చే డబ్బులో లేదు.

అయితే ఒక్కరి మంచితనం మీద నిలిచే ఏర్పాటు ఆ ఒక్కరితోనే పోతుంది. వాడేవాళ్లు పెరిగేకొద్దీ టికెట్లు (బగ్‌లు, కావలసిన మార్పుల గురించి నమోదుచేసే నివేదికలు) పెరిగాయి, చూసేవాళ్ల సంఖ్య మాత్రం అదే. ఎవరి ఉద్యోగాలు వాళ్లవి. కొత్త ఫీచర్ రాయడానికి వాలంటీర్లు దొరుకుతారు, అందులో ఆనందం ఉంది. వచ్చిన బగ్ నిజమో కాదో తేల్చడం, పాత ప్యాచ్‌ను మళ్లీ పరిశీలించడం, భద్రతా లోపం వస్తే అర్ధరాత్రి కూర్చోవడం, విడుదల తయారుచేయడం వంటి పనులకు ఎవరూ మిగలరు. 1.7 వెర్షన్ అనుకున్న సమయం దాటి నెలల ఆలస్యంగా 2014 సెప్టెంబరులో వచ్చింది. ప్యాచ్ పంపిన కొత్తవాడు నెలల తరబడి జవాబు కోసం చూసి మౌనంగా వెళ్లిపోతాడు. వెళ్లిపోయినట్టు ఎవరికీ చెప్పడు కూడా. ఏ లెక్కలోనూ కనిపించని నష్టం అది. ఓపెన్ సోర్స్‌లో అన్నిటికన్నా పెద్ద నష్టం ఇదేనని గట్టిగా చెప్పవచ్చు.

2008లో ఏర్పడిన జాంగో సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ 2014 చివర్లో దీనికొక మందు కనిపెట్టింది. ఎవరూ చేయని ఆ పనులు చేయడానికి జీతమిచ్చి మనిషిని పెట్టుకుంది. ఫెలో అనే ఆ హోదాలో మొదట వచ్చినవారు టిమ్ గ్రాహమ్. ఫెలో పని కొత్త ఫీచర్లు రాయడం కాదు. వచ్చిన టికెట్లు చూడాలి, ప్యాచ్‌లు పరిశీలించాలి, విడుదలలు సమయానికి తేవాలి, కొత్తవాళ్లకు దారి చూపాలి. అంటే వాలంటీర్ల పనిని జీతగాడికి అప్పగించలేదు, వాలంటీర్లు పని చేయగలిగే పరిస్థితిని డబ్బు పెట్టి కాపాడుకున్నారు. ఆ తరువాత విడుదలలు ఎనిమిది నెలల క్రమంలోకి వచ్చాయి. కార్ల్‌టన్ గిబ్సన్, మారియుష్ ఫెలీసియాక్, నటాలియా బిదార్, సారా బోయ్స్ వరసగా ఆ బాధ్యతలోకి వచ్చారు.

డబ్బిచ్చి మనిషిని పెడితే ఊరికే పని చేసేవాళ్ల మనసు నొచ్చుకుంటుందన్న వాదన చాలా ప్రాజెక్టుల్లో వినిపిస్తుంది. జాంగోలో అలా జరగలేదు. జీతం వస్తున్న పనికీ, ప్రేమతో చేసే పనికీ మధ్య గీత స్పష్టంగా గీయడమే అందుకు కారణం. అసలు బెంగ పెట్టుకోవలసింది వేరే చోట. 2024లో ఈ ఫౌండేషన్ నిధుల సేకరణ లక్ష్యం 2 లక్షల డాలర్లు. ఇన్‌స్టాగ్రామ్ లాంటి సేవలు ఎదిగిన పునాది ఇది. అలాంటి పునాదిని ఏడాది పాటు నిలబెట్టడానికి అడిగిన మొత్తం అమెరికాలోని పెద్ద టెక్ కంపెనీల్లో ఒక అనుభవజ్ఞుడైన ఇంజినీరుకు ఇచ్చేపాటి సొమ్ము. ఉచితంగా వాడుకుని కోట్లు సంపాదించే కంపెనీలు ఇందులో తమ వంతు ఇవ్వకపోవడం అన్యాయం. ఈ మాటను మెత్తగా చెప్పాల్సిన అవసరం లేదు.

పెత్తనం విషయంలో జాంగో తీసుకున్న నిర్ణయాలు ఇంకా ఆసక్తికరమైనవి. 2014 జనవరిలో హోలోవాటీ, కప్లాన్-మాస్ తమ చివరిమాట హక్కును వదులుకున్నారు. అప్పటికి కోర్ టీమ్ అనే బృందం ఉంది, అందులోని వాళ్లకే కోడ్‌ను నేరుగా మార్చే హక్కు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ జాబితాలో చాలామంది పేర్లకే మిగిలారు, పని చేస్తున్నవాళ్లు కొద్దిమందే. పైగా ఆ హోదా బయటివాళ్లకు గోడలా కనిపించింది. తాము అంతటివాళ్లం కామనుకుని దూరంగా ఉండిపోయారు. 2018లో జాంగో డెవలపర్ జేమ్స్ బెన్నెట్ ఒక ప్రతిపాదన తెచ్చారు: కోర్ టీమ్‌నే రద్దు చేద్దాం. 2020 మార్చిలో అది అమలైంది. ఆమోదం పొందిన మార్పును కోడ్‌లో కలిపేవాళ్లు, విడుదల చేసేవాళ్లు అని రెండు పరిమిత బాధ్యతలు మిగిలాయి. అధికారం ఉన్నవాళ్లు తమ బిరుదును తామే రద్దు చేసుకోవడం మన సంఘాల్లో, సంస్థల్లో ఎంత అరుదో అందరికీ తెలుసు.

గోడ తీసేసినంత మాత్రాన మనుషులు రారు, పిలవాలి. 2014 జులైలో బెర్లిన్‌లో యూరోపైథాన్ సదస్సు జరుగుతున్నప్పుడు ఓలా సితార్స్కా, ఓలా సెండెత్స్కా అనే ఇద్దరు పోలండ్ మహిళలు ఒక ఉచిత వర్క్‌షాప్ నడిపారు. కోడ్ ఎప్పుడూ రాయని ఆడవాళ్ల కోసం, ఒక్కరోజులో సొంత బ్లాగు కట్టి ఇంటర్నెట్‌లో పెట్టే వర్క్‌షాప్. జాంగో గర్ల్స్ అలా మొదలైంది. వాళ్లు పాఠాన్నీ, నిర్వహణ పద్ధతినీ పూర్తిగా రాసి పెట్టారు. కోచ్‌లను ఎలా పిలవాలి, బల్ల చుట్టూ ఎందరిని కూర్చోబెట్టాలి, స్పాన్సర్లకు ఏమని రాయాలి అన్నవి కూడా అందులో ఉన్నాయి. ఎవరి అనుమతి కోసమూ నెలలు ఆగకుండా ఏ ఊరివాళ్లయినా అదే వర్క్‌షాప్ పెట్టుకోగలిగారు. కొద్ది ఏళ్లలో అది ఖండాలు దాటింది. ఇక్కడ ఓపెన్ సోర్స్ అయింది వర్క్‌షాపే. ఒక జట్టు దేశదేశాలూ తిరిగి నడిపి ఉంటే ఇందులో పదో వంతు కూడా జరిగేది కాదనిపిస్తుంది.

వర్క్‌షాప్ మనిషిని తలుపు దాకా తెస్తుంది. ఆ తరువాతి మెట్టు చాలాకాలం ఖాళీగానే ఉంది. సులువైన టికెట్లను ప్రత్యేకంగా గుర్తించి పెట్టే అలవాటు జాంగోలో ఎప్పటినుంచో ఉంది. కానీ సులువైనవి వచ్చిన వెంటనే ఎవరో తీసుకుంటారు, మిగిలినవి చూస్తే కొత్తవాడికి గుండె జారుతుంది. 2023లో మొదలైన జాంగోనాట్ స్పేస్ ఈ ఖాళీని నింపింది. ఎనిమిది వారాల పాటు ముగ్గురు నలుగురు కొత్తవాళ్లు అనుభవజ్ఞుల తోడుతో నిజమైన టికెట్ల మీద పని చేస్తారు. సాంకేతిక సహాయం ఒకరిది, నిరుత్సాహపడకుండా చూసే బాధ్యత ఇంకొకరిది. ఈ రెండో బాధ్యతను వేరుగా పెట్టడం తెలివైన ఆలోచన. మొదటి ప్యాచ్ దగ్గర మనిషిని ఆపేది చాలాసార్లు తెలియనితనం కాదు, టెన్షన్. పరిశీలించేవాడు పది తప్పులు చూపితే తాను పనికిరానని అనుకుని మానేసేవాళ్లు ఎందరో. దీన్ని నడిపినవారిలో ఒకరైన సారా బోయ్స్ 2024లో ఫెలో అయ్యారు. తలుపు దగ్గర నిలబడి పిలిచిన మనిషికే ఇంటి బాధ్యత అప్పగించారన్నమాట.

కొంత ఎదుగుదల జాంగో కోడ్ బయటే జరిగింది. డేటాబేస్ మార్పులను క్రమంగా నడిపే సౌకర్యం మొదట్లో జాంగోలో లేదు. ఆండ్రూ గాడ్విన్ సౌత్ అనే విడి ప్యాకేజీగా దాన్ని తయారుచేశారు. 2013లో దాన్ని జాంగోలోపలికి తేవడానికి చందాలు సేకరించే కిక్‌స్టార్టర్ సైట్‌లో 2,500 పౌండ్లు అడిగితే 17,000 పౌండ్లకు పైగా వచ్చాయి. వాడేవాళ్లు ఏది కోరుకుంటున్నారో అంతకన్నా సూటిగా తెలిసే మార్గం లేదు.

తెలుగువాళ్ల విషయానికొస్తే, అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో పైథాన్ ఫుల్ స్టాక్ కోర్సు అంటే అందులో జాంగో తప్పక ఉంటుంది. ఇంజినీరింగ్ కాలేజీల ఫైనలియర్ ప్రాజెక్టుల్లోనూ తరచూ కనిపిస్తుంది. వాడేవాళ్లకు కొదవ లేదు. హైదరాబాద్‌లో హైద్‌పై అనే పైథాన్ బృందం ఏళ్లుగా సమావేశాలు, సదస్సులు నడుపుతోంది. 2018లో పైకాన్ ఇండియా అనే జాతీయ పైథాన్ సదస్సు కూడా హైదరాబాద్‌లోనే జరిగింది. కానీ కోచింగ్‌లో జాంగో ఉద్యోగానికి నిచ్చెనగానే పరిచయమవుతుంది. ఇంటర్వ్యూ ప్రశ్నలు, రెజ్యూమెలో ఒక లైను, అక్కడితో సరి. దాని వెనక మనుషులున్నారని, టికెట్లున్నాయని, తామూ అందులో చేరవచ్చని చెప్పే అధ్యాపకుడు దొరికే విద్యార్థి అదృష్టవంతుడు.

భాష కూడా ఇందులో భాగమే. వ్యూ ఫ్రేమ్‌వర్క్‌ను రాసిన ఎవాన్ యూ చైనాలో పుట్టినవారు. చైనీస్‌లో మంచి డాక్యుమెంటేషన్ ఉండటం ఆ దేశంలో వ్యూ విస్తరించడానికి ఒక పెద్ద కారణం. జాంగో డాక్యుమెంటేషన్ ఫ్రెంచ్, జపనీస్, ఇండొనేసియన్, కొరియన్ వంటి భాషల్లో దొరుకుతుంది. తెలుగులో లేదు. అయితే జాంగో గుర్తించే భాషల జాబితాలో తెలుగు ఉంది. సెట్టింగుల్లో భాషను తెలుగుగా మారిస్తే, అనువాదమైనంత మేరకు నెలల పేర్లు, ఫారాల్లో తప్పు నింపినప్పుడు వచ్చే సందేశాలు తెలుగులో కనిపిస్తాయి. ఎవరో వాలంటీర్లు ట్రాన్సిఫెక్స్ అనే చోట ఆ మాటలు ఒక్కొక్కటిగా అనువదించబట్టే అది సాధ్యమైంది. పంచాయతీ స్థాయి సేవలకో, చిన్న వ్యాపారానికో తెలుగు సైటు కట్టేవాళ్లకు ఇది నేరుగా పనికొస్తుంది. కోడ్ రాయడం అంతగా రానివాళ్లు, మంచి తెలుగు వచ్చినవాళ్లు చేయగల పని ఇది.

కోడ్ వచ్చినవాళ్లకు ఇంకో దారి తెరిచే ఉంది. జాంగో టికెట్లు ట్రాక్ అనే వ్యవస్థలో ఉంటాయి. ఎవరో నివేదించిన బగ్‌ను తమ కంప్యూటర్లో మళ్లీ రప్పించి చూసి, నిజమేనని రాయడానికి ఏ హోదా అక్కరలేదు. ఇంకొకరి ప్యాచ్‌ను పరిశీలించి, అంతా సరిగ్గా ఉంటే కోడ్‌లో చేర్చడానికి సిద్ధమని గుర్తు పెట్టే అవకాశం కూడా ఖాతా ఉన్న ఎవరికైనా ఉంది. తన ప్యాచ్‌కు తానే ఆ గుర్తు పెట్టుకోకూడదన్నది అక్కడి నియమం. వరంగల్‌లో మూడో సంవత్సరం చదివే అమ్మాయి పెట్టిన గుర్తు కూడా ఫెలోల ముందుకు అదే వరసలో వెళ్తుంది.